తూర్పు గుమ్మం

ఎగరడం మానేసిన విమానాలను ఇళ్ళుగా అమ్ముతున్న రోజులవి. ఒకప్పుడు తాను లండన్ దాకా నడిపిన జెట్టునే అమ్మిపెడుతున్నాడు పైలట్ భుజంగరావు. చూడవచ్చిన నవనీతకు అంతా నచ్చింది, గుమ్మం తప్ప.

"పడమటి గుమ్మం మాకు అచ్చిరాదండీ. తూర్పయితేనే తీసుకుంటాం."

"దీనికి చక్రాలున్నాయిగా తల్లీ, తిప్పేద్దాం!"

ముందు చక్రానికి ట్రాక్టరు తగిలించారు. బ్రేకు చూసుకోవడానికి భుజంగరావు కాక్‌పిట్‌లో కూర్చుని, బెల్టు పెట్టుకున్నాడు.

కింద నిలబడ్డ నవనీత పకపకా నవ్వింది. "అటు తిప్పి ఇటు పెట్టడానికి బెల్టెందుకండీ?"

"పద్దెనిమిదేళ్ళకి కదులుతోందమ్మా," అన్నాడతను కిటికీలోంచి.

నవనీత నవ్వు ఆపేసింది. గబగబా మెట్లెక్కి, వెనక సీట్లో కూర్చుని, తానూ బెల్టు బిగించుకుంది.

"పోనివ్వండి కెప్టెన్‌గారూ, లండన్‌కి."