ఆఫీసు గది అవతల

రజని తునికాకు కత్తిరిస్తోంది. ఎదురుగా మేనత్త బాలమ్మ చాట ఒళ్లో పెట్టుకొని బీడీలు చుడుతోంది. బతుకమ్మకు సిరిసిల్ల నుంచి కోరుట్లలోని పుట్టింటికి వచ్చినా ఆమె చేతులు ఊరుకోవు.

రజని చుట్టిన బీడీ ఒకటి బాలమ్మ తీసి అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇది బీడీనా బిడ్డా, చుట్టనా? గిట్ల చుడితె కార్ఖానోడు మొఖం మీద కొడ్తడు."

రజని నవ్వలేదు. గడప పక్కన మోకాళ్లకు నూనె రాసుకుంటున్న తండ్రి జలపతి వైపు ఒకసారి చూసింది.

"అత్తమ్మా, బాపమ్మను ఏడ కాలబెట్టిన్రు?"

"మానేరు ఒడ్డుకు. నీకు ఎన్నిసార్లు చెప్పాలె?"

నలభై ఏళ్ల కింద కరువు వచ్చినప్పుడు జలపతి భీవండి మగ్గాలకు వలస పోయాడు. తల్లిని, అంటే రజని బాపమ్మ సత్తవ్వను, సిరిసిల్లలో అక్క బాలమ్మ దగ్గర ఉంచాడు. నాలుగు నెలలకు కార్డు వచ్చింది. తల్లి జ్వరంతో పోయిందని, పదిదినాల కర్మ కూడా అయిపోయిందని. భీవండిలోనే గుండు గీయించుకున్నాడు.

తల్లి కడసారి చూపుకు నోచుకోలేదన్న బాధ ఆయనను వదల్లేదు. మూడేళ్లకు కోరుట్ల తిరిగొచ్చాక, ఏటా పెత్రమాసకు, పెద్దల అమావాస్య రోజున, వాళ్ల పేరున ఇచ్చే బియ్యం జగిత్యాలలోని స్త్రీల శరణాలయానికి మోసుకుపోయేవాడు. దిక్కులేని ఆడవాళ్లు తింటే అమ్మ తిన్నట్టేనని ఆయన నమ్మకం. కొడుకంటే జలపతి అని వాడకట్టు వాళ్లు చెప్పుకునేవారు.

ఈసారి మోకాళ్లు సహకరించలేదు. బస్తా రజనితో పంపాడు.

ఆ శరణాలయం విక్టోరియా రాణి కాలంలో తెల్ల దొరసానులు కట్టించింది. మగవాళ్లు ఆఫీసు గది దాటి లోపలికి రాకూడదన్నది వాళ్లు పెట్టిన నియమం. అది ఇప్పటికీ మారలేదు. జలపతి ఎప్పుడు పోయినా ఆ గదిలోనే బస్తా దించి వెనక్కి వచ్చేవాడు. రజని ఆడపిల్ల గనుక మంచినీళ్ల కోసం లోపలిదాకా పోయింది. ప్రార్థన గది గోడకు ఒక రాయి ఉంది. అక్కడ కన్నుమూసిన వాళ్ల పేర్లు దాని మీద చెక్కారు. ఒక పేరు దగ్గర ఆమె చూపు ఆగిపోయింది. సత్తవ్వ, కోరుట్ల.

ఇంటికొచ్చి ఎవరికీ చెప్పలేదు. నాలుగు రోజులు ఆలోచించింది. నిన్న మళ్లీ బస్సెక్కింది. శరణాలయంలో పనిచేసే దీవెన ఇనుప బీరువా తెరిచి, పాత పుస్తకాలు దులిపి ముందు పెట్టింది. రజని పేజీలన్నీ ఓపికగా చూసి, కావలసినవి ఫోనులో ఫొటోలు తీసుకుంది.

"మానేరు ఒడ్డుకు కాదత్తమ్మా. బాపమ్మ జగిత్యాలల పోయింది, రెండువేల మూడుల. పదిహేడేండ్లు గా శరణాలయంలనే వంట చేసుకుంట ఉన్నది."

జలపతి చేతిలో నూనె గిన్నె అలాగే ఉండిపోయింది.

"సత్తవ్వలు మస్తుమంది ఉంటరు," అంది బాలమ్మ. చేతులు మాత్రం ఆగలేదు.

"తోల్కచ్చినోళ్ల పేరు గూడ రాసున్నది. బిడ్డ బాలమ్మ, సిరిసిల్ల."

అప్పుడు ఆగాయి.

గోడ అవతల పక్కింటివాళ్ల టీవీ మోగుతోంది.

"మగ్గాలు బందైనయి తమ్మీ," అంది బాలమ్మ చివరికి, చాటలోకి చూస్తూ. "ఆరుగురం, పండనీకి ఒక్కటే అర్ర. మా ఇంటాయన రోజూ లొల్లి. నీ తల్లి గావాన్నా, నీ పిల్లలు గావాన్నా అన్నడు. కార్డు గూడ గాయనే రాసిండు."

"అమ్మకు ఏం చెప్పినవ్?"

"చిన్నోడు భీవండి నుంచి అచ్చి తోల్కపోతడు, అందాక గీడనే ఉండుమని చెప్పిన."

"నేను అచ్చినంకనన్న నాకు చెప్పద్దా అక్కా?"

"గుండు గీయించుకున్ననని నువ్వు జాబు రాస్తివి. ఇగ ఏ నోటితోని చెప్పుదు? నువ్వు ఏటేటా గాడికే పోవట్టినవ్. ఎప్పుడో ఒకప్పుడు అదే బయటపడ్తదని నోరు మూసుకున్న."

"పడలె," అన్నాడు జలపతి.

కూతురి వైపు తిరిగాడు. ఆయన గొంతు చిన్నపిల్లవాడి గొంతులా ఉంది.

"నా కోసం చూసిందా బిడ్డా? నేను ఇడిసిపెట్టిన అనుకున్నదా?"

"గవన్ని పుస్తకంల రాయరు బాపు."

"ఎరుక లేక పోయిన. నేను గాడికి అచ్చినట్టు అమ్మకు గూడ ఎరుక లేదు. గదొక్కటే నయం."

రజని ఫోను చేతిలో బోర్లించి పట్టుకుంది. జలపతి అది చూశాడు.

"ఇంకేదో ఉన్నది. చూపెట్టు."

"అద్దు బాపు."

"ఆమె నా తల్లి, బిడ్డా. నాకు చూపెట్టవా?"

రజని ఇవ్వక తప్పలేదు. జలపతి కళ్లద్దాలు పెట్టుకొని, ఫొటో వేలితో పెద్దది చేసి, వరుస తర్వాత వరుస చదివాడు. చివరిదాకా చదివి ఫోను ఆకుల మీద పెట్టాడు. గోడ పట్టుకొని లేచాడు. అక్క చెయ్యి చాపినా పట్టుకోలేదు. చెప్పులు కూడా వేసుకోకుండా ఇంట్లోంచి వెళ్లిపోయాడు.

ఆ ఫొటోలో పద్నాలుగు పెత్రమాసలకు పద్నాలుగు వరుసలు, ఒక్కో వరుసలో 'చనిపోయిన మా అమ్మ సత్తవ్వ పేరున బియ్యం, జలపతి, కోరుట్ల' అని ఆయన చేతిరాతతో, ఆఫీసువాళ్లు తర్వాత అంటించిన చీటీ, దాని పక్కనే, అది చదివి వినిపించాక ఆ బియ్యం అందుకున్నట్టుగా, శరణాలయం వంటమనిషి సత్తవ్వ వేలిముద్ర.