మంచం అంచున

మా ఫుప్పూ కూతురు లుబ్నాను చూస్తే నాకు అసూయ. రోజూ రాత్రి ఇషా నమాజు తర్వాత చేతులు చాచి, ఎవరో ఎదురుగా ఉన్నట్టే కబుర్లు చెబుతుంది. అమ్మ ఆసుపత్రిలో ఉన్న నలభై రాత్రులు నేనూ చేతులు చాచాను. ఎవరూ పలకలేదు. అమ్మ పోయాక, బహదూర్‌పురాలో ఈ మేనత్త ఇంటికి వచ్చాక, దువా మానేశాను.

"అల్లా అంతటా ఉంటడు బిడ్డా," అంటుంది ఫుప్పూ. లుబ్నా దగ్గరే ఉంటాడేమో అనుకుంటాను.

నిన్న రాత్రి కరెంటు పోయింది. దగ్గర్లోని జూపార్కులో సింహం ఒకసారి అరిచి ఊరుకుంది. చీకట్లో పక్క మంచం మీంచి లుబ్నా మెల్లగా అంది.

"నిన్ను చూస్తే మస్తు జలన్ అయితది నాకు."

"నన్ను చూసి అసూయా? ఎందుకు?"

"నువ్వు నిద్రల ఏడుస్తవు గదా. ఏడ్చినప్పుడల్లా ఎవరో వచ్చి నీ మంచం మీద కూసుంటరు. నువ్వు ఊకునేదాంక లేవరు. ఇన్నేండ్ల సంది దువా చేస్తున్న, నా దగ్గరికి ఒక్కనాడన్న రాలే."

"ఫుప్పూ అయ్యుంటది."

"అమ్మీ నైట్ డ్యూటీకి పోతది గదా, పాగల్!"

గల్లీలో ఆటో వెళ్ళింది. దాని వెలుతురులో నా కాళ్ళ దగ్గర పరుపు కనిపించింది. ఎవరో కూర్చున్నట్టు అంచు లోతుగా దిగి ఉంది. భయంతో గోడకు అతుక్కున్నాను. నేను జరిగినా ఆ గుంట అలాగే ఉంది. అరవబోయాను.

లుబ్నా లేచి కూర్చుంది.

"ఉన్నరా?" అంది ఆశగా.

"ఎవరూ లేరు, పండుకో," అన్నాను.

ఆ గుంట తనకు కనిపించకుండా దుప్పటి ఎత్తి అడ్డం పట్టుకున్నాను.