పన్నెండో వ్యాసం

రక్షిత టీ తాగడానికి కిందికి దిగితే తిరిగి రావడానికి తొమ్మిది నిమిషాలు పడుతుంది. ఆమె వ్యాసం దొంగిలించడానికి యతీశ్‌కు మూడు నిమిషాలు చాలు.

హోసూరులోని ఆ చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో బ్లాగుకు వ్యాసాలు రాయడం ఇద్దరి ఉద్యోగమూ. కోడ్ రాయడం మాత్రం ఇద్దరికీ రాదు. యతీశ్ చదివింది బీకాం. రక్షిత బాగలూరులో గులాబీలు పండించే ఇంటి పిల్ల, చదివింది బాటనీ. అయినా కోడ్ రాసేవాళ్లు వాడే సాధనాల్లో ఏది మంచిదో, ఏది కాదో వారం వారం వీళ్లే తేల్చాలి. ఈ విచిత్రానికి ఆ ఆఫీసులో అందరూ ఎప్పుడో అలవాటు పడిపోయారు.

రక్షిత వ్యాసం పూర్తి కాగానే పోస్ట్ చేయదు. నాలుగు రోజులు కంప్యూటర్‌లోనే మాగబెడుతుంది. ఆ నాలుగు రోజుల్లో యతీశ్ ఒకసారి చేయి పెడతాడు. రెండు వ్యాసాలుంటే ఒకటి తీసుకుని ఒకటి వదిలేస్తాడు. మొత్తం ఊడ్చుకుపోయేంత పాపాత్ముణ్ణి కాదని అతనికి తన మీద తనకు గట్టి నమ్మకం.

అలా మూడు నెలల్లో పదకొండు అయ్యాయి. రక్షిత ఒక్కసారి కూడా నోరు విప్పలేదు. తన వ్యాసం యతీశ్ పేరుతో కనిపించినా, ఒక చూపు చూసి, తల దించుకుని ఇంకొకటి మొదలుపెట్టేది. ‘పాపం, నెమ్మదైన పిల్ల’ అనుకునేవాడతను.

శుక్రవారం టీమ్ లీడ్ ఎవరో మేనేజర్ మధుమిత ప్రకటించబోతోంది. పోటీలో ఉన్నది వీళ్లిద్దరే. ఎవరి వ్యాసాలు బాగుంటే వాళ్లకే పదవి. అది తనకు వచ్చేసిందని యతీశ్ కావేరిపట్టణంలో ఉన్న అత్తగారికి ముందే ఫోన్ చేసి చెప్పేశాడు. ఆవిడ సంతోషం పట్టలేక వీధంతా చాటి, రెండు పెట్టెల మామిడిపళ్లు బస్సులో వేయించింది. పళ్లు కూడా తినేశాక ఇక పదవి రాకపోతే అత్తగారింటి గడప తొక్కడం ఎలా?

బుధవారం ఉదయం పన్నెండో వ్యాసం దొరికింది. డెవలపర్ల బ్లాగ్ వేదికకూ, యూఐ లైబ్రరీకీ పోలిక. ధర, అందం, వాడకం అంటూ పెద్ద పట్టిక. లైబ్రరీకి ఎనిమిది మార్కులు, బ్లాగ్ వేదికకు ఏడున్నర. పట్టిక ఉంది, తీర్పు ఉంది, ఇంకేం కావాలి? యతీశ్ చదవకుండానే తన పేరు తగిలించి పోస్ట్ చేశాడు.

భోజనాల వేళకే కామెంట్లు మొదలయ్యాయి.

‘అయ్యా, ఒకటి మేం వ్యాసాలు పెట్టుకునే చోటు. ఇంకొకటి వెబ్‌సైట్‌కు బటన్లూ మెనూలూ తయారుగా ఇచ్చే సరుకు. బస్టాండు మంచిదా, స్పానర్ మంచిదా అన్నట్టుంది!’

‘కృష్ణగిరి కోట మేలా, తోతాపురి మామిడి మేలా? అది కూడా తేల్చండి సార్.’

మూడు గంటలకల్లా ఆఫీసంతా పొట్ట చెక్కలయ్యేలా నవ్వుతోంది. మధుమిత ఇద్దర్నీ తన గదికి పిలిచింది.

“ఏమప్పా యతీశ్, ఇది నువ్వే రాసినావా?” అంటూ వ్యాసం మొదటి వాక్యాలు పైకి చదివింది. “‘మా నాయన గులాబీ తోటకు మందు కొన్నా, మోటారు కొన్నా రెండు రకాలు పక్కపక్కన పెట్టి చూసేదాకా దుడ్డు తీయడు. దేన్నైనా అట్లే చూడాలి.’ మీకు గులాబీ తోట యాడుండాది? మీ నాయన టైలర్ కదా?”

 యతీశ్‌కు ఒక్క క్షణంలో అంతా అర్థమైంది. ఇది ఉచ్చు. రక్షిత కావాలనే అర్థంలేని వ్యాసం రాసి, అందులో వాళ్ల తోటను గుర్తుగా పెట్టి, స్క్రీన్ తెరిచి టీకి వెళ్లింది. మూడు నెలలు నోరు మూసుకుని కూర్చున్నది ఇందుకన్నమాట! ఆమె మీద కోపం రావలసింది పోయి గౌరవం పుట్టుకొచ్చింది.

తను రాశానంటే తెలివితక్కువవాడు. రాయలేదంటే దొంగ. దొంగ అన్న పేరైతే ఆర్నెల్లలో మరిచిపోతారు. ఈ పోలిక రాసినవాడన్న పేరు మాత్రం స్క్రీన్‌షాట్లలో జీవితాంతం తిరుగుతుంది. యతీశ్ చేతులు కట్టుకున్నాడు.

“నేను రాయలేదు మేడమ్. రక్షిత కంప్యూటర్‌లో ఎత్తినాను. ఇదొక్కటే కాదు, ముందరి పదకొండూ ఆమెవే. నన్ను పట్టేదానికే ఇట్ల రాసి పెట్టింది. అంత తెలివి నాకు యాడొస్తుంది? లీడ్ ఆమెకే ఇయ్యండి.”

చెప్పేశాక చిత్రంగా మనసు తేలికైంది. అత్తగారు గుర్తొచ్చి మళ్లీ బరువెక్కింది.

మధుమిత ఆనందం పట్టలేక కుర్చీలోంచి లేచింది.

“అబ్బా, ఏం ఉపాయం! రక్షితా, శుక్రవారం దాకా ఎందుకమ్మా? లీడ్ నువ్వే, ఇప్పుడే చెప్పేస్తా ఉండాను. దొంగను పట్టేదానికని కావాలనే తప్పుగా రాసినావు కదా?”

అవునన్నట్టు ఒక్కసారి తలూపితే చాలు. కానీ మధ్యాహ్నం నుంచి ఆ కామెంట్లన్నీ చదువుతూనే ఉంది రక్షిత. కళ్లనిండా నీళ్లు తిరిగాయి. అవమానం భరించలేకపోయింది.

“ఆ పదకొండూ నేను నెట్‌లో కాపీ కొట్టినవి మేడమ్. మూడు దినాలు కూర్చుని సొంతంగా రాసింది ఇదొక్కటే... దీంట్లో తప్పేముండాది?”