సగం గుడ్డు

నాలుగో తరగతి కాగితాలు దిద్దుతున్న సంగీత టీచర్ ఎర్ర పెన్ను ఆపింది.

‘బడిలో నాకు జరిగిన సంగతి’ రాయమంటే పిల్లలంతా ఒకే మనిషి గురించి రాశారు.

టీచర్ వెనక కిటికీలో ఒకాయన నిలబడతాడట. మొహానికి తువ్వాల చుట్టుకుని ఉంటాడట. ఏమీ మాట్లాడడట.

సంగీత కుర్చీ ఎప్పుడూ ఆ కిటికీకి వీపు పెట్టే ఉంటుంది. పాఠం మధ్యలో పిల్లల చూపులు తన భుజం మీదుగా ఎటో పోవడం ఆమె గమనించింది గాని, కాకులను చూస్తున్నారనుకుంది.

ఒకరిది చూసి ఒకరు రాశారని అందరికీ మార్కులు కోసింది. రవళికి మాత్రం సున్నా చుట్టింది.

‘ఆయన మా బాపు. నేను బువ్వ తినేటప్పుడు అచ్చిండు. నా గుడ్డుల సగం ఇచ్చిన. తిన్నడు’ అని రాసింది ఆ పిల్ల.

రవళి తండ్రి సారయ్య దుబాయిలో చనిపోయి ఏడాది దాటింది.

మరునాడు మధ్యాహ్న భోజనాలయ్యాక రవళిని నిలబెట్టింది.

“చచ్చిపోయినాయన ఎట్లొస్తడే?”

“తెల్వది టీచర్. అచ్చిండు.”

“మీ బాపు ఎట్లుంటడో నీకు యాదికున్నదా?”

“ఫోటోల చూసిన.”

“జరిగింది రాయమన్న. కలలొచ్చింది కాదు.”

“జరిగిందే రాసిన టీచర్.”

ఎవరూ నవ్వలేదు. పిల్లల కళ్లన్నీ ఒక్కసారే సంగీత భుజం దాటిపోయాయి.

ఆమె మెడ వెనక చల్లగా తగిలింది. తిరిగి చూస్తే కిటికీ ఖాళీ.

గుండె చిక్కబట్టుకుని బడి వెనక్కి వెళ్లింది. ప్రహరీ నీడలో ఒక మనిషి కూర్చుని ఉన్నాడు. ఎముకల గూడు. తువ్వాల జారి, చీలిన ఎడమ కనుబొమ్మ కనిపించింది. గడ్డంలో గుడ్డు సొన పొడి.

“ఎవరయ్యా నువ్వు? ఏ ఊరు?”

“గీ ఊరే. ఇంటిదాక పోయి మర్లిన. కాళ్లు లోపలికి పోలె.”

“పేరేంది?”

“నా పేరు మీద అన్నీ అయిపోయినయి టీచరమ్మా. చెప్తే బెదురుతరు.”

తండ్రి లేని పిల్లను మచ్చిక చేసుకుంటున్న దొంగ అనుకుంది సంగీత. పిల్లలను ఎత్తుకుపోయేవాళ్లు తిరుగుతున్నారని మండలమంతా చెప్పుకుంటున్న రోజులు.

“పోలీసులకు ఫోన్ చేస్త.”

అతను గబుక్కున లేచాడు. “వద్దు. పోత.” రెండడుగులు వేసి ఆగాడు. “గా మూలకు కూసునే పిల్ల రాసింది సదివిండ్రా?”

“సదివిన. అబద్ధం రాసింది. సున్నా పెట్టిన.”

అతను జారిన తువ్వాల మళ్లీ మొహానికి చుట్టుకున్నాడు.

“కొట్టకుండ్రి” అన్నాడు.

బస్టాండు దాకా వెంట నడిచి, కోరుట్ల బస్సు కదిలేవరకు సంగీత అక్కడే నిలబడింది.

సాయంత్రం, పిల్లకు బుద్ధి చెప్పమని రవళి ఇంటికి వెళ్లింది. తల్లి గంగమణి అరుగు మీద బీడీలు చేస్తోంది.

“మీ పిల్ల వాళ్ల బాపు కనవడుతుండని రాస్తుంది.”

“ఇంట్ల గూడ గదే ముచ్చట టీచరమ్మా. నా పానం తీస్తుంది. లోపలికి రాండ్రి.”

లోపల అడుగు పెట్టిన సంగీత గోడ దగ్గరే ఆగిపోయింది.

“ఆఖరుకు మొఖం చూసినవా గంగమణీ?”

“ఏడ చూసుడు. చాన దినాలైందట, దుబాయి కెళ్లి అచ్చిన పెట్టె తెరవద్దన్నరు. మేకులు గూడ ఊడదియ్యలె. గట్లనే మట్టిల వెట్టినం.” గడపలో కూర్చుని బీడీకి దారం చుడుతూ తలెత్తింది. “ఎందుకడుగుతున్నరు?”

దండ వేసిన ఫోటోలో ఎడమ కనుబొమ్మ చీలి ఉంది; ఆ పెట్టెలో వచ్చింది ఎవరి కొడుకో గాని, సారయ్యను మాత్రం సంగీత తానే మధ్యాహ్నం బస్సెక్కించింది.