ఎండకు ఎదురుగా

వినయ్ సారుకు, ఎల్బీనగర్ కౌసల్యమ్మ చెప్పి రాయించేది.

మీ దిల్‌సుఖ్‌నగర్ ఫోటో క్లాసులో నా మనవరాలు సంధ్యారాణి ఫోన్ క్విజ్ తప్పిందట. పాసయ్యేదాకా కెమెరా ముట్టొద్దన్నారట.

మనిషిని నీడలో నిలబెట్టి తీయాలని ఆమె నొక్కింది. మొహాన ఎండ పడాలన్నదే సరైన జవాబని ఫోన్ తేల్చింది. ఫోన్ ఎన్ని మొహాలు చూసిందో మరి.

మొన్న మీరే నన్ను మిట్టమధ్యాహ్నం ఎండకు ఎదురుగా నిలబెట్టారు.

"కండ్లు మండుతున్నయ్ సారూ."

"కదలకండి మామ్మగారూ, లైటు అద్భుతం."

కండ్లు మూసుకుపోయిన ఆ ఫోటోనే పెద్దది చేసి మీ గుమ్మం పక్కన తగిలించారు.

నిన్న అటుగా వచ్చిన మా తమ్ముడు దాన్ని చూసి, పూలదండ కొనుక్కుని, ఏడుస్తూ మా ఇంటికొచ్చాడు. తలుపు తీసింది నేనే.

దండ ఈ ఉత్తరంతో పంపుతున్నాను. మీ క్విజ్‌కు వేసి, కెమెరా పిల్లకివ్వండి.