ఇటుకరంగు ఊలు

"ఆగమ్మా! అది నాన్న స్వెటరు!"

చేతిసంచీ గుమ్మంలోనే వదిలేసి కూతురు ఒక్క అంగలో గదిలోకి వచ్చిపడింది. అప్పటికే ఒక చెయ్యి మొత్తం ఊడిపోయింది. తల్లి మాత్రం ఏమీ ఎరగనట్టు ఇటుకరంగు దారం లాగుతూ, కుర్చీ వీపుకి చుట్టుకుంటూనే ఉంది.

"నాకు తెలీదా ఎవరిదో? విప్పుతున్నానే, చింపడం లేదు."

"ఎందుకు విప్పడం?"

"మేడ మీది మామ్మకి అల్లుదామని. ఆ గదిలో ఒక్కతే చలికి గజగజలాడిపోతోంది పాపం."

కూతురికి ఒళ్లు మండింది. నాన్న పోయాక ఇదే మొదటి చలికాలం. ఆయన బట్టలన్నీ తలా ఒకటి ఇచ్చేశారు. మిగిలింది ఇదొక్కటే. సంవత్సరాంతం సెలవులు ఇవ్వగానే ఇంటికొచ్చి, దీన్ని తొడుక్కుని, ఆయన కుర్చీలో కాళ్లు ముడుచుకుని కూర్చోవాలని బస్సెక్కిన దగ్గర్నుంచీ అనుకుంటూ వచ్చింది. వచ్చి చూస్తే ఆ కుర్చీకే ఊలు చుట్టి ఉంది.

"ఎవరికి? కర్ర మామ్మకా? మనం కాస్త గట్టిగా నవ్వితే చాలు, పైనుంచి మేడ నేలని కర్రతో బాదేదే, ఆవిడకా?"

"అక్కా, నేనూ చెప్పి చూశాను," అన్నాడు తమ్ముడు మంచం మీంచి లేవకుండానే. "గోడతో చెప్పినా కాస్త వినేదేమో."

నిజానికి ఆ ఇంట్లో స్వెటరు విప్పడం వింతేమీ కాదు. ఏటా ఈ సెలవుల్లో అదే పని. అదే ఊలు ఒక ఏడు అక్కకి టోపీ అయ్యేది, మరో ఏడు తమ్ముడికి పొట్టిచేతుల స్వెటరు అయ్యేది. పిల్లలు పొడుగై ఊలు చాలకపోతే ఏదో ఒక రంగు చార వచ్చి చేరేది. విప్పిన ఊలు వేడినీళ్లలో ముంచి ఆరేస్తే వంకర్లు పోతాయి. ఆ తర్వాత పిల్లలు వంతులవారీగా రెండు చేతులూ చాచి కూర్చోవాలి. ఆ చేతులకి ఊలు తగిలించి తల్లి ఉండ చుట్టేది. చేతులు పీకేస్తున్నాయని పిల్లలు మొరాయిస్తే, తండ్రి ఎదురుగా చతికిలబడి కోతలు కోసేవాడు. తన చిన్నప్పుడు ఎలుగుబంటికి స్వెటరు తొడిగాడట, చంకలో బిగుతుగా ఉందని అది అలిగి అన్నం మానేసిందట! పిల్లలు పడీపడీ నవ్వేవాళ్లు. పైనుంచి కర్ర దబదబమనేది. తండ్రి నోటిమీద వేలు పెట్టుకుని, మరుక్షణం మళ్లీ ఎలుగుబంటి దగ్గరికి వచ్చేవాడు. అంత వెచ్చటి గది లోకంలో మరొకటి లేదని కూతురికి ఇప్పటికీ నమ్మకం. పిల్లలిద్దరూ పెద్దవాళ్లై, కోట్లు కొనుక్కున్నాక గానీ ఆ ఊలు తండ్రి ఒంటిమీదికి రాలేదు.

"ఇన్నేళ్లూ మనవాళ్లకేగా అల్లావు," అంది కూతురు. "ఇప్పుడే ఎందుకమ్మా బయటికివ్వడం?"

తల్లి చేతులు ఒక్క క్షణం ఆగాయి. "ఈసారికి ఇవ్వనీవే."

"ఆవిడకి నేను కొత్తది కొనిస్తాను. రేపే తెస్తాను."

"కొత్తవి తీసుకోదు. మొన్న తమ్ముడు దుప్పటి తీసుకెళ్తే గుమ్మంలోంచే పంపేసింది. పాత ఊలుతో చేత్తో అల్లినదైతే మొహమాటపడదు."

"సరే అయితే. ఆవిడతోనే తేల్చుకుంటాను."

"కర్ర ఎక్కడుందో చూసుకుని మరీ మాట్లాడు," అని వెనకనుంచి తమ్ముడి కేక.

మెట్లెక్కుతూ అనవలసిన మాటలన్నీ గట్టిగా కూడబలుక్కుంది కూతురు. తలుపు తెరుచుకునేసరికి సగం మర్చిపోయింది. మామ్మ రెండు పాత దుప్పట్లు ఒకదానిమీద ఒకటి కప్పుకుని ఉంది. కిటికీ అద్దం పగులుకి అంటించిన కాగితం గాలికి తపతప కొట్టుకుంటోంది.

"నువ్వటే! ఈమధ్య మీ ఇంట్లోంచి నవ్వులే వినబడ్డం లేదు," అంది మామ్మ. "నా కర్రకి పనే లేకుండా పోయింది."

కూతురు వచ్చిన పని వచ్చినట్టే చెప్పేసింది.

"మామ్మా, మీకు స్వెటరు అల్లాలని అమ్మ నాన్న స్వెటరు విప్పేస్తోంది. ఆయన గుర్తుగా నాకు మిగిలింది అదొక్కటే. మీకు చలిగా ఉందని నాకూ కనబడుతోంది. కొత్తది నేను తెచ్చిస్తాను, కాదనకండి. అది మాత్రం వద్దని అమ్మతో ఒక్క మాట చెప్పండి."

"ఇటుకరంగుదేనా?"

"అదే మామ్మా."

మామ్మ ఒక చేత్తో తలుపు రెక్క పట్టుకుని, రెండో చేత్తో దుప్పట్లు దగ్గరికి లాక్కుంది.

"పోయిన మనిషి బట్ట చేతిలో ఉంటే, మనిషి ఇంకా ఇంట్లోనే ఉన్నట్టుంటుంది," అంది. "ఆపెయ్యమను. నాకొద్దన్నానని చెప్పు."

కూతురు ఆవిడ రెండు చేతులూ పట్టేసుకుంది. చలికి కొయ్యబారిపోయి ఉన్నాయి ఆ చేతులు. తల ఊపి మెట్లవైపు తిరిగింది.

"అమ్మాయ్, ఇచ్చింది వెనక్కి పుచ్చుకోవడం నాకు అలవాటు లేదని కూడా చెప్పు మీ అమ్మకి."

"ఇచ్చిందా? మీరేం ఇచ్చారు మామ్మా?"

"చెప్పొద్దని మీ అమ్మ చేత నేనే ఒట్టు వేయించుకున్నానులే. అప్పుడు నువ్వు పసిగుడ్డువి, ఆ ఏటి చలికి నీలంగా అయిపోతున్నావు. మా ఆయన పోయి ఇంకా నెల తిరగలేదు. ఆయన గుర్తుగా ఉన్న ఒక్క స్వెటరూ నా చేతులతో నేనే విప్పి, ఆ ఇటుకరంగు ఊలు నీకిచ్చాను."