గాలిదొర రంగు

"నీలమట, నీలం! తెర మీద ఆ కేప్ చూడగానే నాకు ఒళ్ళు మండిపోయింది," అన్నాడు జిరాక్సు షాపాయన.

గాలిదొర అభిమానుల సంఘానికి ప్రెసిడెంటు ఆయనే. ప్రతి ఆదివారం మధ్యాహ్నం షాపు వెనక గదిలో, కాగితం కట్టల మీద కూర్చుని మీటింగు పెట్టుకుంటారు. సభ్యులు నలుగురు. పదేళ్ళుగా ఆ నలుగురే.

గాలిదొర వాళ్ళు చిన్నప్పుడు చదివిన బొమ్మల పుస్తకాల్లో హీరో. మేడల మీంచి మేడల మీదికి ఎగురుతాడు. భుజాల వెనక ఎర్రటి కేప్ ఉంటుంది. వాళ్ళ ఇళ్ళల్లో దాన్ని దుప్పటి అంటారు, అది వేరే సంగతి. ఇన్నాళ్ళకి ఆ పుస్తకాన్ని సినిమాగా తీశారు.

"రంగు మారితే కొంప మునిగిందా? ఎగరడం ఎంత బాగా తీశారు!" అన్నాడు పళ్ళ డాక్టరు.

"ఏం బాగు? పుస్తకంలో దూకే ముందు ఒక్క క్షణం భయపడతాడు. సినిమాలో ఆ భయమేదీ? ఊరికే ఎగిరిపోవడానికి హీరో ఎందుకు, పావురం చాలు," అంది లెక్కల టీచరు.

"అదీ నిజమే, ఇదీ నిజమే," అన్నాడు బస్సు కండక్టరు. ఆయన ఎప్పుడూ రెండు పక్షాలకీ టికెట్టు కొడతాడు.

"ఎరుపంటే ఏంటి? నెత్తురు! త్యాగం! ఆ బొమ్మలేసిన మహానుభావుడు ఎంత ఆలోచించి వేశాడో ఆ రంగు!" అన్నాడు ప్రెసిడెంటు.

ఆ మహానుభావుడెవరో ఆయనకి తెలీదు. పుస్తకాల మీద చిత్రకారుడి పేరుండేది కాదు. ఇరవై ఏళ్ళుగా వెతుకుతూనే ఉన్నాడు. మొదటి సంచికకి గుడ్డ బైండు చేయించి, సంతకం కోసం ముందు ఒక తెల్ల కాగితం కుట్టించాడు. ఆ సంతకం పడితే చాలు, జన్మ ధన్యమైనట్టే అంటుంటాడు.

అంతలో గుమ్మం దగ్గర ఎవరో దగ్గారు. చేతిసంచీతో ఒక పెద్దాయన నిలబడి ఉన్నాడు.

"బయట బోర్డు చూశానండీ. 'ఎరుపే మా గాలిదొర' అని రాశారు. నిజంగా అంత నచ్చిందా మీకు?"

"నచ్చడమేంటండీ, ప్రాణం! మెంబరుగా చేరతారా?"

పదేళ్ళకి ఒక కొత్త మనిషి! ప్రెసిడెంటు హడావిడిగా రిజిస్టరు తీశాడు. కండక్టరు జరిగి చోటిచ్చాడు.

సంఘానికి ఒక నియమం ఉంది. ఒకే ఒక ప్రశ్న అడుగుతారు. సరిగ్గా చెప్పినవాళ్ళ పేరూ అడ్రసూ రాసుకుంటారు.

"గాలిదొర కేప్ రంగేంటి?"

జవాబు బోర్డు మీదే ఉంది. అయినా పెద్దాయన చాలాసేపు ఆలోచించాడు.

"నీలమండీ."

"బోర్డు చదివే వచ్చానన్నారుగా!"

"చదివాను. కానీ అబద్ధం చెప్పలేను కదా. అది నీలమే ఉండాలి. ఆ ఎరుపు పొరపాటున..."

"పొరపాటా!" ప్రెసిడెంటు దిగ్గున లేచాడు. "సినిమావాళ్ళు పంపారా మిమ్మల్ని? ఇక దయచేయండి."

రిజిస్టర్లో ఏదో గీకి టపీమని మూసేశాడు.

పెద్దాయనకి కోపం రాలేదు. బల్ల మీదున్న పుస్తకం అట్ట చూశాడు. ఎర్రటి కేప్ మీద మెల్లగా వేలు పెట్టాడు. ఆ చూపుడువేలు సగమే ఉంది.

"ఇన్నేళ్ళయినా వెలిసిపోలేదే," అని నవ్వాడు.

"చెయ్యి తియ్యండి, మరకలవుతాయి!"

పెద్దాయన గబుక్కున చెయ్యి తీసి, "వస్తానండీ," అని మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

"మంచినీళ్ళయినా ఇవ్వలేదు, పాపం," అన్నాడు కండక్టరు.

నెల తిరక్కుండా పేపర్లో వార్త వచ్చింది. గాలిదొర బొమ్మలేసిన మనిషి దొరికింది. మహానుభావుడు కాదు, డెబ్భై అయిదేళ్ళ ఆవిడ. నలుగురూ ఆదివారం పొద్దున్నే బయల్దేరారు. ఆవిణ్ణి గౌరవ సభ్యురాలిగా చేర్చుకోవాలని ప్రెసిడెంటు చంకలో రిజిస్టరు కూడా పెట్టుకున్నాడు.

సంతకం కోసం ప్రెసిడెంటు ఇచ్చిన మొదటి సంచికని ఆవిడ ఒళ్ళో పెట్టుకుంది. కలం మూత తీసింది. అట్ట తిప్పి చూసి, మళ్ళీ మూత పెట్టేసింది.

"ఈ రంగు నాది కాదు నాయనా. నేను వేసింది నీలం. సినిమావాళ్ళకి నా అసలు బొమ్మలే ఇచ్చాను."

నెత్తురు, త్యాగం అని ప్రెసిడెంటు పన్నెండు పేజీల వ్యాసం రాసి ఉన్నాడు.

"అచ్చువేసే రోజు నీలం సిరా అయిపోయిందట. పుస్తకం ఆగిపోకూడదని ప్రెస్సులో పనిచేసే అతను తనే ఆ ఎరుపు కలిపి వేసేశాడు. నేను నానా గొడవా చేసి ఉద్యోగం తీయించాను. తీరా చూస్తే పిల్లలంతా ఆ ఎరుపు కోసమే ఎగబడ్డారు! ఆ తర్వాత ప్రతి సంచికకీ అదే వేశాం. క్షమించమని అడుగుదామని ఎంత వెతికించానో, ఎటు పోయాడో తెలీలేదు. ఈ సంతకం అతను పెట్టాల్సింది నాయనా. కుడిచేతి చూపుడువేలు సగమే ఉంటుంది, ప్రెస్సులో కటింగ్ మిషన్ కింద పడి పోయింది."

కండక్టరు ప్రెసిడెంటు వైపు తిరిగాడు.

"వచ్చారమ్మా," అంది లెక్కల టీచరు. "మా దగ్గరికే వచ్చారు."

ఆవిడ మొహం వెలిగిపోయింది. ప్రెసిడెంటు చంకలోని రిజిస్టరు వైపు చెయ్యి చాపింది.

"అయితే అడ్రసు రాసుకునే ఉంటారు! ఏదీ, చూపించు నాయనా."

ప్రెసిడెంటు ఆ పేజీ తెరిచాడు. పేరు గడి ఖాళీ, అడ్రసు గడి ఖాళీ, చివరి గడిలో మాత్రం తన చేతిరాతే ఉంది: 'గాలిదొర రంగు తెలియని మనిషి. చేర్చుకోలేదు.'